తొంభై ఒకటో మెట్టు

చదును నేల మీద నన్నెవరూ కనిపెట్టలేరు.
రేవు వీధిలో, చేపల బజారు పక్కన
ఉత్తరాల సంచీ భుజాన వేసుకుని
అందరిలాగే పోతాను.
నా గుట్టు బయటపెట్టేవి మెట్లే.
అదీ ఎక్కేటప్పుడు కాదు,
దిగేటప్పుడు.

వల్పరాయీసోలో చదును నేలెంత?
అరచేయంత.
మిగతాదంతా కొండలు, కొండల మీద రేకుల ఇళ్ళు,
ఓడలకు వేయగా మిగిలిన పసుపు, నీలం.

జూలై, చలికాలం. వాన వెలిసిన పొద్దున
తొంభై ఒకటో మెట్టు మీద జారాను.
పింఛను కాగితాలు తడవకూడదని
చేతులు రెండూ పైకెత్తాను.
మోకాలొక్కటే ముందుకెళ్ళి
రాయికి దణ్ణం పెట్టింది.
చిన్న చప్పుడు. సాసరు పగిలినంత కూడా కాదు.

ఆల్చిప్ప, కొబ్బరి చిప్ప, అడుక్కునే చిప్ప,
అన్నీ లోపల ఏదో ఒకటి పట్టుకోవడానికే.
ఈ మోకాలి చిప్ప మాత్రం బోర్లించి ఉంటుంది.
ఏమీ పట్టదు.
ముందుగా దెబ్బ తినడమే దాని పని.

రెండు ముక్కలు. రెండు సూదులు,
ఎనిమిది అంకెలా మెలితిప్పిన తీగ.
ఆరు వారాలు కర్రలా చాచిన కాలు.
కట్టు విప్పిన రోజు నా తొడ చూసి
ఎవరిదో అనుకున్నాను.
ఇవెత్ అని ఫిజియో అమ్మాయి, పాతికేళ్ళుండవు,
వంపు ఎంతొచ్చిందో కొలిచేది:
ముప్ఫై డిగ్రీలు. నలభై ఐదు. మళ్ళీ నలభై.
తొంభై వచ్చిన రోజు నేను ఏడిస్తే
చూడనట్టు రబ్బరు పట్టీలు చుట్టుకుంటూ కూచుంది.
"ఎక్కితే మంచి కాలు ముందు,
దిగితే దెబ్బ కాలు ముందు,
మర్చిపోతే గోడ పట్టుకో."

మళ్ళీ పనిలో చేరిన మొదటి రోజు
దోన్ ఎలియోదోరో గుమ్మంలోనే ఉన్నాడు.
ముప్ఫై ఏళ్ళుగా ఆయనకి చూపు లేదు.
ఎప్పుడూ నేను పది మెట్ల కింద ఉండగానే
"రోసెండా, నాకేమైనా ఉందా?" అనేవాడు.
ఆ రోజు చెవి ఒగ్గి, కాస్త జంకుతూ,
"ఎవరండీ? ఎవరిల్లు కావాలి?"

నోరు పెగల్లేదు.
ఎక్స్‌రేలో అంతా అతికింది.
అతకనిదేదో ఆయన చెవిన పడింది.

"నేనే" అన్నాను.
"కాదు. రోసెండా రెండేసి మెట్లు ఎక్కుతుంది."
"ఎక్కేది."
కాసేపు ఊరుకున్నాడు.
"అయితే ఇంకోసారి దిగి ఎక్కు. నేర్చుకుంటాను."

దిగాను, తిట్టుకుంటూనే.
దెబ్బ కాలు దించి, మంచి కాలు దాని పక్కన చేర్చి,
మళ్ళీ దెబ్బ కాలు,
నడక వచ్చీరాని పిల్ల దిగినట్టు.
లోపల సన్నగా ఇసుక నలుగుతుంది,
నాకొక్కదానికే వినబడుతుందనుకున్నాను.
"ఇసుక కూడానా" అన్నాడాయన పైనుంచి.

ఈ కొండ మీద సగం ఇళ్ళకి ఉత్తరాల పెట్టెలుండవు.
ఇదివరకు ఒక మోకాలు నేలకానించి
తలుపు కిందినుంచి తోసేసి పోయేదాన్ని.
ఇప్పుడు ఆనిస్తే
గాజుపెంకు మీద పెట్టినట్టే.
అందుకని తలుపు కొడతాను.
పదకొండేళ్ళు కరెంటు బిల్లు మీద పేరుగా తెలిసిన
సెన్యోరా ఉబిల్దాకి
పెదవి మీద పుట్టుమచ్చ ఉందని ఈ మార్చిలో తెలిసింది.
ఇంకో ఇంట్లో కుక్క. దాని సంగతి వద్దు.

సముద్రం మీది మంచు కొండెక్కే సాయంత్రాలు
ముందు తీగ చల్లబడుతుంది, తర్వాత చర్మం.
ఏడాదయ్యాక తీయించుకోవచ్చన్నాడు సర్జన్.
చూద్దాం.
మళ్ళీ కత్తి, మళ్ళీ ముప్ఫై నుంచి లెక్క.

నిన్న దిగుతుంటే వెలుగు చాలలేదు.
ఇనుప కమ్మీ పట్టుకున్నాను, తుప్పు అరచేతికంటింది.
పైనుంచి ఒక గొంతు
నాతోపాటే లెక్కపెడుతోంది:
తొంభై మూడు, తొంభై రెండు.
అక్కడ ఆగింది.
నేను దాటేదాకా ఆగింది.